ఒకటో నంబరు అర

"ఏడాది, పన్నెండు మంది. అంతకు మించి అక్కర్లేదు" అన్నాడు పునాది, పద్నాలుగేళ్ళ కిందట, పాత కవరు వెనక పెన్సిలుతో లెక్కవేసి. కవరు మీది అంకె చూసిన అతని బావమరిది అక్కడికక్కడే తలూపి, డబ్బున్నవాళ్ళ వెంట తిరగడానికి బయల్దేరాడు. ఆ ఏడాదిని ఏ రబ్బరుతో చేశారో గాని, సాగింది, సాగింది, ఇప్పటికీ సాగుతూనే ఉంది. పన్నెండు మంది కాస్తా మూడు వందల మంది అయ్యారు. అయిదంతస్తులు నిండాయి. మళ్ళీ ఒక్కొక్క అంతస్తే ఖాళీ అవుతూ వచ్చి, ఇప్పుడు రెండో అంతస్తులో సగం, దాని కింద సామాన్ల గది, ఏడుగురు మనుషులు మిగిలారు. మనుషులు తగ్గినా ఖర్చు వెనకాల సున్నాలు తగ్గలేదు. వాటిని వరసగా నిలబెడితే చిట్టచివరి సున్నాను చూసి రావడానికి బస్సెక్కి టికెట్టు కొనాలని కంపెనీలో చెప్పుకునేవారు.

పునాది అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఎవరేమడిగినా "ముందు పునాది గట్టిపడనీ" అంటాడు గనక అదే పేరై కూర్చుంది. జీతం స్లిప్పు మీద తప్ప అసలు పేరు మరెక్కడా మిగల్లేదు.

అతను తయారుచేస్తున్నది కొత్త ఆపరేటింగ్ సిస్టమ్. కంప్యూటరు మీట నొక్కగానే అందరికంటే ముందు నిద్రలేచి, తెర వెలిగించి, కీబోర్డు మాట విని, ఎక్కడి వస్తువు అక్కడ అందించే ఇల్లాలి లాంటిది అది. ప్రపంచంలో అలాంటివి ఇప్పటికే కొన్ని ఉన్నాయి కదా, ఇంకొకటి ఎందుకని అడిగితే పునాది జవాబు ఒకటే. "ఉన్నవన్నీ గుమ్మంలో నిలబడి మనిషిని నిలదీస్తాయి. ఇది ఒప్పుకుంటావా, అది మార్చమంటావా, కాసేపు ఆగుతావా అని. నాది ఉత్త వాకిలిలా ఉండాలి. ఇంట్లోకి వెళ్ళేవాడు వాకిలిని చూస్తాడా?" అందుకే దానికి వాకిలి అని పేరు పెట్టాడు.

అతనికి డబ్బు మీద ఆశ లేదు, పేరు మీద అంతకన్నా లేదు. ఉన్నది ఒకే ఒక్క కోరిక, అదీ పిసరంత. బయటి మనిషి ఒకరు, కంపెనీ జీతం తీసుకోనివాళ్ళు, చుట్టరికం లేనివాళ్ళు, వాకిలి ఉన్న కంప్యూటరు ముందు కూర్చుని తమ సొంత పని ఏదో చేసుకుని, "ఇదేమిటి?" అని అడక్కుండా లేచి వెళ్ళిపోవాలి. అంతే. పద్నాలుగేళ్ళలో అలాంటి మనిషి ఒక్కరూ దొరకలేదు. కంపెనీలోవాళ్ళకి అదేమిటో తెలుసు. పరీక్షించడానికి వచ్చేవాళ్ళు గంటకింతని పుచ్చుకుని తప్పులు వెతకడానికే కూర్చుంటారు. చుట్టాలైతే తెర వెలగకముందే "అబ్బో, ఎంత బాగుందో" అనేసి కాఫీకి లేస్తారు.

ప్రయత్నించలేదని కాదు. వీధి మలుపులో సెలూన్‌కి ఒక కంప్యూటరు ఉత్తపుణ్యానికి ఇచ్చాడు. నెల తర్వాత వెళ్ళి చూస్తే దాని మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. "బ్రహ్మాండంగా పనిచేస్తోంది సార్! వెనక నుంచి వచ్చే వేడికి గంటలో ఆరిపోతున్నాయి" అన్నాడు సెలూన్ ఆయన, మనస్ఫూర్తిగా. పళ్ళ డాక్టరు రెండు రోజులకే తిప్పి పంపాడు. తన ఎక్స్‌రే మిషనుకీ దీనికీ మాటల్లేవట. గ్రంథాలయంలో వారం రోజులు ఉంచుకున్నారు గాని, అక్కడి ప్రింటరు అచ్చువేయమన్నప్పుడల్లా ఒక తెల్లకాగితాన్ని మహా గౌరవంగా బయటికి పంపి ఊరుకునేదట.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. కంప్యూటరుకి తగిలించే ప్రతి వస్తువుకీ ఒక సొంత భాష ఉంటుంది. ఆ భాష తెలిసిన దుబాసీ ప్రోగ్రాము ఒకటి రాసి మధ్యలో కూర్చోబెట్టాలి. ఇక ప్రింటర్లంటారా, ఒక్కొక్కటీ ఒక్కొక్క కొత్తల్లుడు. పిలుపులో ఒక్క అక్షరం తగ్గితే మూతి ముడుచుకుని గోడవైపు తిరుగుతుంది. నిజం చెప్పాలంటే కవరు మీది లెక్క తప్పలేదు. వాకిలిని రాయడానికి ఏడాదే పట్టింది, రాసింది పన్నెండు మందే. మిగతా పదమూడేళ్ళూ, మిగతా డబ్బంతా, ఈ అల్లుళ్ళను బుజ్జగించడానికే పోయింది.

ఆ అల్లుళ్ళంతా కింద సామాన్ల గదిలో ఉండేవారు. ఆ గదిని జూ అనేవారు. గోడ నుంచి గోడ దాకా ఇనుప అరలు, అరల్లో ప్రింటర్లు, స్కానర్లు, కెమెరాలు, కీబోర్డులు, ధాన్యం తూచే కాటాలు, బార్‌కోడు చదివే పిస్తోళ్ళు. అన్నిటికీ నంబర్లు. అందులో ఒక స్కానరు పక్కన ఎవరైనా తుమ్మితే గాని మేలుకొనేది కాదట. దానికోసం ఒక ఇంజనీరుకి మూడు నెలలు ముక్కుపొడుం సరఫరా చేశారని, ఆ ఖర్చు కూడా ఆపరేటింగ్ సిస్టమ్ కిందే రాశారని చెప్పుకునేవారు. నమ్మేవాళ్ళు నమ్మొచ్చు.

జూని చూసుకునే ఆవిడ దారాలక్క. తొమ్మిదేళ్ళ కిందట ఆవిడ ఉద్యోగంలో చేరినప్పటికే అక్కడొక పద్ధతి ఉంది. ఏ వస్తువైనా వాకిలితో మొదటిసారి సవ్యంగా మాట్లాడిన రోజున, దాని మెడకి ఒక ఆకుపచ్చ దారం కట్టాలి. దారం కట్టేటప్పుడు ఆ దుబాసీ రాసినవాళ్ళు పక్కన నిలబడాలి. చప్పట్లు, మిఠాయిలు ఏమీ లేవు, కట్టి వెళ్ళిపోవడమే. కాని దారం కట్టించుకున్నవాళ్ళు ఆ రోజంతా మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవారు.

ఆ నెల పద్దెనిమిదో తారీఖున బావమరిది వచ్చి పునాది ఎదురుగా కూర్చున్నాడు. డబ్బు పెట్టేవాళ్ళ ఇళ్ళ చుట్టూ కాళ్ళు అరిగేలా తిరిగేది అతనే. చెప్పులు మార్చినంత తరచుగా అతను చొక్కాలు కూడా మార్చి ఉండడు.

"బావా, అయిపోయింది" అన్నాడు.

"ఏది, కాఫీ పొడా?"

"డబ్బు."

"పోయినేడాదీ ఇదే మాటన్నావు. దాని ముందేడాదీ అన్నావు. నువ్వు అయిపోయిందన్నప్పుడల్లా ఎక్కడో ఒకచోట ఇంకో మూట దొరికింది."

"ఇప్పుడు మూట విప్పేవాళ్ళే లేరు. నెలాఖరుకి తాళం వేసేయమన్నారు. నన్ను గుమ్మంలో చూడగానే వాళ్ళ కుక్క కూడా జేబు తడుముకుంటోంది బావా, నేనేం చెయ్యను?"

"ఇంకొక్క ఆరు నెలలు..."

"నీ ఆరు నెలలు నాకు తెలీదా? మా పెద్దాడు పుట్టిన రోజున ఆసుపత్రి వరండాలో నిలబడి 'ఇంకొక్క ఆరు నెలలు' అన్నావు. వాడికిప్పుడు మీసాలొస్తున్నాయి."

పునాది నవ్వబోయి ఆగిపోయాడు. కిటికీ కింద వీధిలో జనం పోతున్నారు. ప్రతి ఒక్కరి చేతిలోనూ ఏదో ఒక కాగితం, ఏదో ఒక పని. "మొత్తం ఎంతయిందిరా?" అని అడిగాడు.

"అడక్కు. వింటే నీకు నిద్ర పట్టదు, చెబితే నాకు పట్టదు."

"పోనీలే. అది కాదు నా బాధ. బయటి మనిషి ఒక్కరూ వాడలేదురా. ఒకే ఒక్కరు."

బావమరిది మెత్తబడ్డాడు. "పన్నెండు రోజులుంది కదా. రోజుకొకళ్ళ చొప్పున పన్నెండు మందిని నే తీసుకొస్తా. చేతిలో నాలుగు డబ్బులు పెట్టి కూర్చోబెడదాం."

"డబ్బిచ్చాక బయటివాళ్ళెలా అవుతార్రా? నీలాగే బావమరుదులవుతారు."

ఆ మధ్యాహ్నం పునాది జూలోకి దిగాడు. దారాలక్క అప్పటికే సర్దుడు మొదలుపెట్టింది. పాతసామాన్ల లారీ నెలాఖరు రోజున వస్తుందట. కిలోల లెక్కన కొంటారట. తీగలు చుట్టి, అరల్లోంచి ఒక్కొక్కటే దింపి, నంబరు చదివి, పుస్తకంలో టిక్కు పెడుతోంది. ఆకుపచ్చ దారాలు మాత్రం తియ్యలేదు.

"పునాది గారూ, ఒక సంగతి అడుగుతాను, నవ్వకూడదు" అంది. "మీవాళ్ళు లెక్క సున్నా నుంచి మొదలుపెడతారని చేరిన కొత్తలో చెప్పారు. సరే, చదువుకున్నవాళ్ళు అనుకున్నాను. ఈ జూ మాత్రం రెండు నుంచి మొదలైంది. రెండు నుంచి నాలుగు వందల పదమూడు దాకా. సున్నా లేకపోతే పోయె, ఒకటేమైంది?"

"ఒకటి లేకపోవడమేమిటి, ఉండాలే" అన్నాడు పునాది.

"పుస్తకంలో లేదు. అర మాత్రం ఉంది. ఇదిగో, ఈ మూల. తొమ్మిదేళ్ళ నుంచి దాన్లో నేను పాత తీగలు కుక్కుతున్నాను."

తలుపు పక్కనే, అన్నిటికంటే మొదటి అర. తీగల కట్టలు లాగేసరికి వెనకాల ఒక అట్ట ముక్క కనపడింది. మడత పడి, పసుపు రంగుకి తిరిగిన అట్ట. దాని మీద పునాది దస్తూరీ. "1. మా ఆవిడ షాపుది. రేపు తెస్తాను."

దారాలక్క చదివి, అతని మొహం చూసి, తీగలు చుట్టుకోవడంలో పడిపోయింది.

పునాది భార్యకి ఇంటి కిందే జిరాక్స్ షాపు. కాపీలు, ప్రింట్లు, పుస్తకాల బైండింగు. మూలనొక కంప్యూటరు, ఎవరి కాగితం వాళ్ళే టైపు చేసుకోవడానికి. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న షాపు. పద్నాలుగేళ్ళలో ఇంట్లో బియ్యం కొన్నది, అద్దె కట్టింది ఎక్కువ నెలలు ఆ షాపే. వాకిలిని ఆవిడ ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. "మా సవతి" అనేది. "ఏమండీ, ఈ పూట మా సవతికి ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగి అన్నం వడ్డించేది. "జ్వరం తగ్గింది, దగ్గు ఉంది" అని అతను జవాబు చెప్పేవాడు. ఆ వేళాకోళం ఎంత పాతబడినా ఇద్దరూ మానలేదు.

పదమూడేళ్ళ కిందట, వాకిలి మొదటిసారి కాళ్ళ మీద నిలబడగానే, పునాది దాన్ని తిన్నగా ఆ షాపుకే తెచ్చాడు. ఆ రోజు ఏదో కాలేజీ దరఖాస్తులకి ఆఖరు రోజు. నలభై మంది వరసలో ఉన్నారు. మూడో పిల్ల కాగితం సగం దాకా వచ్చాక తెర బిగుసుకుపోయింది. పునాది కీబోర్డుని బతిమాలాడు, వెనక తీగ పీకి పెట్టాడు, నుదురు తుడుచుకున్నాడు. వరస వీధిలోకి పాకింది. ఎవరో పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఆవిడ లేచి, ఆ కంప్యూటరుని పక్కకి జరిపి, పాతదాన్ని తెచ్చి పెట్టుకుంది. నలభై మందినీ పంపించాక, సాయంత్రం, కోపమేమీ లేకుండా అంది. "సిద్ధమయ్యాక తీసుకురండి. నా ప్రింటరెక్కడికీ పోదు."

"అన్నిటికంటే ముందు నీ ప్రింటరునే పలికిస్తాను" అన్నాడతను. మర్నాడే జూలో ఒకటో నంబరు అర ఖాళీ పెట్టి అట్టముక్క అంటించాడు. ఆ రేపు రాలేదు. పలికించాల్సినవి ఎన్నో వచ్చిపడ్డాయి, అమ్ముడుపోయేవి, డబ్బు పెట్టేవాళ్ళు అడిగేవి. పైగా వాకిలి పూర్తిగా సిద్ధం కాకుండా మళ్ళీ ఆ షాపు గడప తొక్కే ధైర్యం అతనికి లేదు. ప్రపంచంలోని నాలుగు వందల పన్నెండు వస్తువుల ముందు తలవంచుకుని నిలబడ్డ మనిషి, తన ఇంటి కిందనున్న ఒక్కదాని ముందు నిలబడలేకపోయాడు.

మర్నాడు పొద్దున పదకొండింటికి అతను వాకిలి ఉన్న కంప్యూటరుని చంటిపిల్లలా రెండు చేతులా ఎత్తుకుని షాపులోకి వచ్చాడు. ఆవిడ వేలు తడిచేసుకుంటూ కాగితాలు లెక్కపెడుతోంది.

"ఏమండీ, ఈ వేళప్పుడు వచ్చారేంటి? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నీ ప్రింటరు కావాలి."

లెక్కపెడుతున్న వేలు ఆగిపోయింది. "సిద్ధమయిందా?"

పునాది కంప్యూటరుని బల్ల అంచుకి ఆనించాడు. "లేదు. నెలాఖరుకి మూసేస్తున్నారు. ఇక సిద్ధం కాదు."

ఆవిడ కాగితాల కట్టని బల్ల మీద రెండుసార్లు తట్టి సరిచేసింది. "ఎప్పటికీ సిద్ధం కాదన్న ముక్క అప్పుడే చెప్పి ఉంటే, మర్నాడే తెమ్మనేదాన్ని కదండీ" అంది. తర్వాత మూలనున్న కంప్యూటరు తీగలు తనే ఊడదీసి, దాన్ని తన బల్ల మీదికి మార్చి చోటు చేసింది.

ప్రింటరుకి వయసు బాగా మీదపడింది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో దుకాణం కట్టేసింది. కాగితం లాగే రోలర్లు మూడుసార్లు మారాయి. ట్రేని బైండింగు టేపుతో కట్టింది ఆవిడ. ఒక చక్రం కుట్టుమిషనుది. దాని మీద కొత్తగా ఉన్నదల్లా ఆ పొద్దున పడ్డ దుమ్మే.

"దీన్ని ఇంకా ఎందుకుంచావు?" అన్నాడు పునాది మూత తీస్తూ. "మీ తమ్ముడు కొత్తది కొనిస్తానన్నాడుగా, రెండుసార్లు."

"నాలుగుసార్లు."

"మరి?"

"మీరు దీన్నే ముందు పలికిస్తానన్నారు. తీరా మీరొచ్చేసరికి ఇది లేకపోతే, మాట తప్పింది నేనవుతాను." అంతలో ఎవరో ఇరవై కాపీలు కావాలని వచ్చారు. ఆవిడ అటు తిరిగింది.

పదకొండు రోజులు పునాది ఆ మూల స్టూలు మీద కూర్చున్నాడు. ప్రింటరు భాష ఏ పుస్తకంలోనూ లేదు. ఆవిడ పాత కంప్యూటరు ఒక్కదానికే ఆ భాష వచ్చు. అందుకని ఆ రెండిటికీ మధ్య తన తీగ తగిలించి, అవి ఏం మాట్లాడుకుంటున్నాయో గోడ చాటు నుంచి పక్కింటి కబుర్లు విన్నట్టు విని, రాసుకుని, వాకిలికి నేర్పించాడు. మొదటి రోజు ప్రింటరు గురకపెట్టింది. మూడో రోజు అక్షరాల తలలు మాత్రం అచ్చువేసింది. అయిదో రోజు కాగితాన్ని సగం దాకా ఇచ్చి, మనసు మార్చుకుని మళ్ళీ లోపలికి లాక్కుంది. మూల బల్ల మీద "పనిచేయడం లేదు" అని అట్ట వేలాడుతూ ఉంది. వచ్చినవాళ్ళంతా ఆవిడ కంప్యూటరు దగ్గరే వంతు కోసం ఆగారు.

పద్నాలుగేళ్ళలో అన్ని పగళ్ళు అతను ఆ షాపులో గడపడం అదే మొదలు. ఆవిడ సూదితో పుస్తకాలు కుట్టేటప్పుడు పెదవి బిగిస్తుందని, మధ్యాహ్నం రెండింటికి ఎండ సరిగ్గా స్టేప్లరు మీద పడుతుందని అప్పుడే తెలిసింది. ముసలివాళ్ళ దగ్గర ఆవిడ ఒక కాపీకి డబ్బు తీసుకుని రెండు కాపీలు ఇస్తుందని కూడా.

ఇరవై తొమ్మిదో తారీఖు సాయంత్రం దారాలక్క వచ్చింది. "లారీ పొద్దున్నే వస్తుంది. మీరు రానక్కర్లేదు, చూడలేరు" అని, కొంగు ముడి విప్పి ఒక దారం ముక్క అతని చేతిలో పెట్టింది. "కండెలో ఇదే చివరిది. కట్టేటప్పుడు నేను పక్కనుండను. అయినా పద్ధతి పద్ధతే."

నెలాఖరు రోజు పొద్దున పదింటికి ప్రింటరు ఒక పేజీ నిండుగా, తిన్నగా వేసింది. పునాది దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. రెండో వైపు వేయించి చూశాడు. అది తలకిందులుగా వచ్చింది. మళ్ళీ స్టూలు మీద కూలబడ్డాడు.

ఆవిడ వచ్చి "పనిచేయడం లేదు" అట్టని కొక్కెం నుంచి తీసేసింది.

"ఏయ్, ఆగు! రెండో వైపు తలకిందులుగా వస్తోందే!"

"ఈ వీధిలో రెండో వైపు ఎవరిక్కావాలండీ?" అంది ఆవిడ, అట్టని బల్ల కింద పడేస్తూ.

పదకొండున్నరకి ఒక అమ్మాయి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. చంకలో హెల్మెట్టు, బూట్ల నిండా సిమెంటు దుమ్ము. పక్క వీధిలో కడుతున్న పెద్ద భవనం దగ్గర క్రేను నడిపే మనిషి. "అక్కా, ఒక అర్జీ రాసుకోవాలి. సైటు మార్చమని. మా పాప స్కూలుకి దగ్గరగా" అంది. ఆవిడ మూల కంప్యూటరు వైపు చెయ్యి చూపించింది.

పునాది గభాలున లేచి, బైండింగు గమ్ము డబ్బా ముందు కూర్చుని, ఎప్పుడూ పట్టని బ్రష్షు పట్టుకున్నాడు. భార్య అతని వంక ఒక చూపు చూసింది. నోరు విప్పావో జాగ్రత్త, అని ఆ చూపు.

క్రేను అమ్మాయి మీట నొక్కింది. తెర వెలిగింది. పద్నాలుగేళ్ళు, మూడు వందల మంది, అయిదంతస్తులు, బస్సెక్కి చూడాల్సిన సున్నాలు, అన్నీ ఆ తెర వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాయి. ఆ అమ్మాయి రెండు వేళ్ళతో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, పైకి చదువుకుంటూ టైపు చేసింది.

"అక్కా, 'దయచేసి' అన్నది ముందు రాయాలా, చివర్న రాయాలా?"

"రెండుచోట్లా రాయమ్మా. పై అధికారులకి ఒకసారి రాస్తే కనపడదు."

ఆ అమ్మాయి నవ్వి, రెండుచోట్లా రాసింది. ఒక మాట తుడిచింది, మళ్ళీ కొట్టింది. ప్రింటు అన్నచోట నొక్కింది. ప్రింటరు దగ్గింది. ఆగింది. పునాది చేతిలోని బ్రష్షు నుంచి గమ్ము చుక్క చుక్కగా అతని చెప్పు మీద పడుతోంది. కుట్టుమిషను చక్రం ఒకసారి కీచుమంది. కాగితం బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి.

"డబ్బెంతక్కా?"

"ఒక్క అర్జీకి రెండు కాగితాలెందుకమ్మా?"

"రెండు తీశానక్కా. ఒకటి నాకు. మొదటిది వాళ్ళు పారేస్తే చూపించడానికి." రెండిటినీ ఊది, మడిచి, హెల్మెట్టులో పెట్టుకుంది. డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తెర వంక వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

పునాది బ్రష్షు చేతిలో ఉండగానే వెంట నడిచాడు. ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగి బస్సు స్టాపు బెంచీ మీద కూర్చుంది. అతను నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. ఎలా ఉందమ్మా అని అడగాలని గొంతు దాకా వచ్చింది. తెర వెలగడం ఆలస్యమయిందా, అక్షరాలు కంటికి ఆనాయా, ఎక్కడైనా ఆగి ఆలోచించావా? ఒక్క మాట అడిగినా తను కోరుకున్నది చేతులారా పాడుచేసుకున్నట్టే. అడక్కపోతే ఆ అమ్మాయి బస్సెక్కి వెళ్ళిపోతుంది, ఇక ఎన్నటికీ తెలియదు.

ఆ అమ్మాయే తలెత్తి చూసింది. "ఏంటి సార్, చిల్లర మర్చిపోయానా?"

"లేదమ్మా, లేదు. బస్సు కోసం."

బస్సు వచ్చింది. ఆ అమ్మాయి ఎక్కింది. గమ్ము కారుతున్న బ్రష్షు పట్టుకుని ఎక్కకుండా నిలబడ్డ ముసలాయన్ని కిటికీలోంచి వింతగా చూసింది. బస్సు మలుపు తిరిగేదాకా అతను హెల్మెట్టు కేసే చూస్తూ నిలబడ్డాడు.

షాపుకి తిరిగొచ్చేసరికి ఆవిడ గుమ్మంలోనే ఉంది. "తమ్ముడు ఫోన్ చేశాడు. లారీ వెళ్ళిపోయిందట. తాళం వేశారట" అని చెప్పి, "ఆ అమ్మాయి ఏమంది?" అంది.

"చిల్లర మర్చిపోయానా అంది."

"మా సవతి గురించి?"

"ఏమీ అనలేదు."

"అదేగా మీక్కావలసింది?"

"అదే" అన్నాడు పునాది. అన్నాక వీధి మలుపు వైపు చూశాడు. "ఒక్క మాట... బాగుందనో, బాగాలేదనో..." అని ఆగిపోయాడు.

ఆవిడ చెయ్యి చాపింది. "దారం ఇలా తెండి."

పునాది జేబు తడుముకుని దారం తీశాడు. ప్రింటరు దగ్గర వంగి, ట్రే చుట్టూ ఒకసారి చుట్టబోయి, మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. "ఇవాళొద్దులే. రెండో వైపు సరిచేశాక రేపు కడదాం. ఎంత, ఒక్క రోజు పని."

ఆవిడ అతని వేళ్ళ మధ్యనుంచి దారం లాక్కుంది. "పదమూడేళ్ళు ఆగాను. ఈ రేపటి దాకా మాత్రం ఆగలేనండీ" అని, పుస్తకాలు కుట్టే చేత్తో, ఎవరూ విప్పలేని బైండింగు ముడి వేసింది. పద్ధతి ప్రకారం అతను పక్కన నిలబడ్డాడు. ముడి వేశాక ఆవిడ అతని చేతిలోంచి గమ్ము బ్రష్షు తీసుకుని నీళ్ళ డబ్బాలో పెట్టింది.

తర్వాత పునాది స్టూలుని మూల నుంచి లాక్కొచ్చి, కంప్యూటరుకి పక్కగా, వీధి కనపడేలా వేసుకున్నాడు. జనం పోతున్నారు. ఒకాయన చేతిలో కాగితాలతో షాపు ముందు నడక తగ్గించాడు. పునాది వెంటనే చూపు తిప్పేసుకుని, ఏమీ ఎరగనట్టు, గమ్ము డబ్బా మూత బిగించసాగాడు.